పంటి చికిత్స వివరాలు భద్రపరచడం గురించి

కాలిపోయిన మృతదేహాలను డీఎన్ఏతో గుర్తించే తీరును మీరు ప్రచురించిన వ్యాసం చక్కగా వివరించింది. అయితే వేలిముద్రలు, డీఎన్ఏతో పాటు అంతర్జాతీయ పోలీసు సంస్థ ఇంటర్‌పోల్ ప్రాథమిక ఆధారంగా పరిగణించే దంతాల ప్రస్తావన అందులో ఒక్క వాక్యంతో ముగియడం నాకు వెలితిగా అనిపించింది. 1849లో బోస్టన్‌లో డాక్టర్ జార్జ్ పార్క్‌మన్ హత్యకు గురైనప్పుడు, కొలిమిలో దొరికిన కట్టుడు పళ్లు తాను పార్క్‌మన్‌కు చేసినవేనని దంతవైద్యుడు నాథన్ కీప్ చెప్పగలిగింది, ఆయన దవడ అచ్చును పారేయకుండా దాచినందువల్లనే.

2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది మరణించినప్పుడు, తమవారి దేహమేదో తెలియక డీఎన్ఏ ఫలితాల కోసం ఎదురుచూసిన కుటుంబాల వేదన ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పళ్లు మంటలను చాలావరకు తట్టుకుంటాయి. కానీ పోల్చి చూడడానికి బతికున్నప్పటి ఎక్స్‌రే గానీ, చికిత్స వివరాలు గానీ లేకపోతే ఆ పన్ను ఎవరిదో చెప్పడం కష్టం.

ఆరేళ్ల క్రితం నాకు రూట్ కెనాల్ చేసిన క్లినిక్‌లో ఈమధ్య ఎక్స్‌రే అడిగితే, కంప్యూటర్ మార్చినప్పుడు పాతవన్నీ పోయాయన్నారు. నా దగ్గర మిగిలిన చీటీలో ‘ఆర్‌సీటీ, క్యాప్’ (రూట్ కెనాల్ చికిత్స, పంటిపై తొడుగు) అని తప్ప ఏ పన్నో లేదు. కింది దవడ కుడివైపు మొదటి దవడ పన్ను అనడానికి 46 అని రెండంకెలు వేస్తే చాలా దేశాల్లోని దంతవైద్యులకు అర్థమవుతుంది. కనీసం ఆ అంకె, తేదీ, ఎక్స్‌రే కాపీ రోగి చేతికి తప్పనిసరిగా ఇవ్వాలని దంతవైద్యులను కోరుతున్నాను.