పై కన్నం, కింది కన్నం

నిన్న సాయంత్రం జరిగిన సంగతి. చెవులు ఇంకా చల్లబడలేదు.

మా మేనల్లుడికి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. కంప్యూటర్‌లో ఆటలు ఆడాలి, ఆడేది ఊరంతా చూసేలా యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలి, ఇదీ వాడి కోరిక. మానిటర్ కాక 60 వేలు దాటకూడదని బావగారి ఆజ్ఞ. "మీ మామయ్యకు ఇవన్నీ తెలుసు" అని అక్క అనేసింది. నాకు తెలిసిందల్లా ఆఫీసు ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం చిరగకుండా లాగడం. అయినా అక్క మాట నిలబెట్టడానికి నెల రోజులు కూర్చుని చదివాను. నా పెళ్ళి సంబంధం కూడా ఎవరూ ఇంత ఆరా తీసి చూడలేదు.

చదివింది వాడికి పాఠంలా చెప్పాను కూడా. 16 జీబీ ర్యామ్ ఒకే కడ్డీగా కొనకూడదు, 8 జీబీలవి రెండు కొంటే జోడెడ్ల బండిలా లాగుతుంది. లైవ్‌లో వీడియోను కుదించే చాకిరీ ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌వెంక్ అనే భాగం చూసుకుంటుంది, ప్రాసెసర్ నెత్తిన పడదు. అందుకని ఆర్‌టీఎక్స్ 3050 కార్డు. ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్, 6 కోర్లు, 12 థ్రెడ్లు.

"చివర ఆ ఎఫ్ ఏమిటి మామయ్యా?"

"అందులో సొంత గ్రాఫిక్స్, అంటే తెరకు బొమ్మ పంపే ఏర్పాటు, ఉండదని అర్థం. మనకు కార్డు ఎలాగూ ఉంది కదా, రెండోదానికి డబ్బు దండగ."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, వీటన్నిటినీ బిగించే మదర్‌బోర్డు అనే పలకతో సహా అన్నీ కొన్నాం. బిగించి ఇవ్వడానికి కొట్టువాళ్ళు 1,000 అడిగారు. "స్క్రూలు తిప్పడానికి వెయ్యా?" అని నవ్వి వచ్చేశాను. అక్క ఇంట్లో నాలుగు గంటలు తిప్పాను. క్యాబినెట్ అద్దం మీద అక్క పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ కూడా పెట్టింది. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, రంగురంగుల దీపాలు తిరనాళ్ళలా వెలిగాయి. మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని చెప్పి పడుకుంది.

తరువాతి మూడు రోజుల గురించి చెప్పను. ర్యామ్ కడ్డీలను పిల్లల జామెట్రీ బాక్సులోని రబ్బరుతో తుడిచానని మాత్రం ఒప్పుకుంటాను.

నిన్న పెట్టెను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని మల్కాజిగిరి నుంచి ఆటోలో వెళ్ళాను. కౌంటర్ మీద దించి, "మీరు ఇచ్చిన మదర్‌బోర్డు చచ్చిపోయింది" అని కొంచెం గట్టిగానే అన్నాను. కొట్టులో ఉన్న ఏడెనిమిది మంది ఇటు తిరిగారు. మా మేనల్లుడి ఈడు కుర్రాడు ఒకడు వచ్చి ముందు బొట్టు వైపు చూశాడు, తరువాత నా వైపు చూశాడు. "ఇంట్లో పెట్టినట్టే తీగలు పెట్టండి సార్" అన్నాడు. పెట్టాను.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పెట్టె వెనుక మానిటర్ తీగ గుచ్చే హెచ్‌డీఎంఐ కన్నాలు ఒకే రకంవి రెండు ఉంటాయి. పైన మదర్‌బోర్డుది నిలబడి ఉంటుంది, కింద గ్రాఫిక్స్ కార్డుది పడుకుని ఉంటుంది. కార్డు కన్నానికి తయారీదారు నల్లటి రబ్బరు మూత బిగించి పంపాడు. పైదానికి ఏమీ లేదు, నోరు తెరుచుకుని పిలుస్తోంది. మర్యాదస్తుడెవరైనా తెరిచిన తలుపులోకి వెళతాడా, మూసిన తలుపు పగలగొడతాడా? ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడు ఆ పై కన్నం గోడకు గీసిన కిటికీ బొమ్మతో సమానం. అలాంటప్పుడు మూత దేనికి ఉండాలి? నీళ్ళు లేని బావికా, నీళ్ళున్న బావికా? ఈ ప్రశ్నకు ఆ బోర్డు చేసినవాడు ఎక్కడున్నా జవాబు చెప్పాలి.

కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. రబ్బరు మూత గోటితో పీకి నా అరచేతిలో పెట్టాడు. తీగ పైనుంచి తీసి కింద గుచ్చాడు. మానిటర్ వెలిగింది.

"ఇది ఎఫ్ ప్రాసెసర్ కదా సార్. ఎఫ్ అంటే..."

"తెలుసు" అన్నాను. వెనుక ఎవరో దగ్గారు. దగ్గు కాదని నాకు తెలుసు.

బిల్లు వచ్చింది. కేబుల్ మార్పు, 300 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ 54. "సామాను మీ దగ్గరే కొన్నాను కదా బాబూ?" అంటే, "బిగించింది మేము కాదు కదా సార్" అన్నాడు. ఆ వెయ్యి సంగతి వాడికి గుర్తుంది.

అప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది. ఈ బిల్లు బావగారి చేతిలో పడుతుంది. కౌంటర్ మీదికి వంగి, మెల్లగా, "కేబుల్ మార్పు అని కాకుండా మదర్‌బోర్డు రిపేరు అని రాయగలరా?" అని అడిగాను.

యజమాని కళ్ళజోడు పైకి జరిపాడు.

"రాస్తాం సార్. కానీ మదర్‌బోర్డు రిపేరుకు 500."

జీఎస్టీతో కలిపి 590 కట్టాను.