బలం వచ్చేది డిస్క్ వల్ల కాదు

మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కితే, దాన్ని తీసేసి ఎముకలు అతికించే ఫ్యూజన్ కన్నా కృత్రిమ డిస్క్ పెడితే చేతికి బలం త్వరగా వస్తుందని మీ వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోలేను. బలం తిరిగొచ్చేది నరం మీద ఒత్తిడి తీసేసినందువల్ల. డిస్క్ తీసేసిన ఖాళీలో తర్వాత ఏం పెట్టారన్నది ప్రధానంగా మెడ కదలికకు సంబంధించిన సంగతి. నాకు మెడ నుంచి చేతికి వెళ్లే సి7 నరం నొక్కుకుపోయి, మోచెయ్యి చాపే వెనక కండరం, అంటే కుడిచేతి ట్రైసెప్స్, చచ్చుబడింది. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోతే ఆ మోచెయ్యి మడతపడిపోయేది. పై అరలోకి పుస్తకం నెట్టబోతే ఒకసారి అది నా తల మీదికే వచ్చింది. వెన్నుపూసల వెనక కీళ్లు బాగా అరిగిపోయాయి కాబట్టి కృత్రిమ డిస్క్ కుదరదని ఫ్యూజనే చేశారు. చేతి నొప్పి మర్నాటికే పోయింది, బలం మాత్రం నెలల తరబడి కొంచెం కొంచెంగా వచ్చింది. ఒత్తిడికి దెబ్బతిని తెగిన నరపు పోగు తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే, మెడ నుంచి మోచెయ్యి దాకా ఎంత దూరమో చూసుకోండి. ఆపరేషన్‌కు ముందు నేను మాత్రలతో ఐదు నెలలు నెట్టుకొచ్చాను, అంత ఆలస్యం చేశానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. నొప్పి ఒక్కటే అయితే ఆగొచ్చు, చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బలం రోజురోజుకీ తగ్గుతుంటే మాత్రం ఆగకూడదు. ఇంకొకటి, వెనక నుంచి చేసే ఫొరామినాటమీ గురించి ఒక్క ముక్కా రాయలేదు. డిస్క్ పక్కకు జారి నరం బయటికొచ్చే దారిలో అడ్డుపడితే, కొంత ఎముక చెక్కి ఆ దారి వెడల్పు చేస్తారు. లోపల ఏదీ బిగించరు, మెడ కదలికా పోదు. అందరికీ సరిపడదు కానీ, డాక్టర్‌ని అడగాల్సిన ఆప్షనే.