గురువుగారు కెమెరా వైపు చూస్తున్నారు, కదలకండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసి ఒకే ఊరైపోయి చాలా ఏళ్లయింది. కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు, రక్త పరీక్షల సెంటర్లకు అంతకన్నా లేదు. యోగా గురువుల కొరత మాత్రం ఇంకా తీరలేదు. భద్రకాళి బండ్ మీద పొద్దుగాల నడిచేవాళ్లలో కొందరు ఈనాటికీ శిష్యులుగానే బతుకు వెళ్లదీస్తున్నారు. ఈ వెనుకబాటుతనం పోవాలంటే ఇంటికో గురువు తయారుకాక తప్పదు. అందుకు కావలసిన మార్గదర్శకాలను ప్రజాహితం కోరి ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ముందు సర్టిఫికెట్. 200 గంటల శిక్షణ అనేది దేశవిదేశాల్లో చెల్లే తొలి మెట్టు. రోజుకు 8 గంటల చొప్పున కూర్చుంటే 25 రోజుల పని. ఒకటో తారీఖున చాప పరిచినవాడు నెలాఖరుకల్లా ఆచార్యుడు. లారీ నడపాలంటే చిన్న బండి లైసెన్సు తీసుకున్నాక కనీసం ఏడాది ఆగాలని చట్టంలో ఉంది. మనిషి వెన్నెముక లారీ కాదు కాబట్టి అంత జాగ్రత్త అక్కర్లేదు. శరీర నిర్మాణం, తత్త్వం, ప్రాణాయామం, బోధన పద్ధతి అన్నీ ఆ 200 గంటల్లోనే ఇమడాలి. చోటు చాలకపోతే శరీర నిర్మాణాన్ని కుదించవచ్చు. మోకాలు ఎక్కడుంటుందో అందరికీ తెలిసిందే కదా. బి.కె.ఎస్. అయ్యంగార్ నేర్పిన యోగా పద్ధతిలో అయితే ఒక గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్నాకే పరీక్షకు కూర్చోనిస్తారు. అది వేరే పనీపాటా లేనివాళ్ల దారి.

తర్వాత ఫొటో. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం మీద ఉన్నవి 3 సూత్రాలే. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం అన్నది అందులో మొదటిది. ఆయన ఫ్లెక్సీ కొట్టించుకోవాల్సిన అవసరం రాలేదు కాబట్టి అంతటితో సరిపెట్టాడు. మనం ఖిలా వరంగల్ పోయి, తోరణం వెనకాల కనబడేలా, ఒక కాలు వెనక్కి ఎత్తి పట్టుకునే నటరాజాసనంలో నిలబడాలి. ఎండాకాలమైతే 6 గంటలకే పని ముగించుకోవాలి, 8 దాటితే అరికాళ్ల కింద బండ కాలి ముఖంలో ప్రశాంతత నిలవదు. ఎత్తిన కాలి మోకాలును పక్కకు తెరిస్తే పాదం ఇంకో జానెడు పైకి లేస్తుంది. ఆ జానెడు కోసం కటి పక్కకు ఒరిగిపోతుంది, నడుము కింది పూసలు నలుగుతాయి. ఫొటోలో పూసలు పడవు.

ఇక క్లాసు. గురువు శిష్యులకు ఎదురుగా నిలబడి ‘కుడి కాలు’ అంటూ తన కుడి కాలే జరపాలి. అప్పుడు విన్నవాళ్లు కుడి కాలు జరుపుతారు, చూసినవాళ్లు ఎడమ కాలు జరుపుతారు, త్రికోణాసనం వచ్చేసరికి ఒకరి చెయ్యి ఇంకొకరి ముక్కుకు తగులుతుంది. పాతకాలపు టీచర్లు నోటితో కుడి అంటూ ఎడమ కాలు జరిపేవాళ్లు, అద్దంలో చూసినట్టు ఉండాలని. కొందరైతే ఒకసారి చేసి చూపించి, ఆ తర్వాత తాము ఆసనం వేయడమే మానేసి వరసల మధ్య తిరిగేవాళ్లు. ఎవరి ఊపిరి బిగబట్టుకుపోయింది, ఎవరి భుజాలు చెవుల దాకా ఎక్కాయి, ముందుకు వంగమంటే ఎవరు తుంటి దగ్గర కాకుండా వీపు మధ్యలో గూని చేసి వంగుతున్నారు, ఇవన్నీ చూసుకుంటూ. ఇది వెంటనే మానుకోవాల్సిన అలవాటు. వరసల మధ్య తిరిగే గురువు రీల్‌లో కనబడడు.

పద్మాసనం దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఒక సంభాషణ తప్పదు.

“సార్, మోకాలు గుంజుతుంది.”

“ఏం గాదమ్మా, అలవాటైతది. గట్లనే పట్టి ఉండుండ్రి.”

ఆ అమ్మ పట్టి ఉంటుంది. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి కీలు. మోకాలు ముఖ్యంగా ముడుచుకోవడానికి, చాచుకోవడానికి ఉన్న కీలు, మెలి తిరగడం దానికి పెద్దగా చేతకాదు. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని బిగుసుకుపోయిన తుంటి తిరగనని మొరాయిస్తుంటే, పాదం పట్టుకుని గుంజి తొడ మీదికి ఎక్కిస్తారు. ఆ మెలి అంతా మోకాలి లోపల ఉన్న మెనిస్కస్ అనే మృదులాస్థి మీద పడుతుంది. అది ఒకసారి చిరిగిందంటే లోపలి అంచుకు రక్తం అందదు కాబట్టి అక్కడ మానడం కష్టం. ఇవన్నీ ఎరిగినవాళ్లు ఏం చేస్తారంటే, దుప్పటి మడతలు పెట్టి పిరుదుల కింద ఎత్తు వేస్తారు, మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగేదాకా. మోకాలును పూర్తిగా ముడిచాకే కాలు పైకి తెస్తారు, అదీ పాదం పట్టుకుని కాదు, పిక్క కింద చెయ్యి వేసి. మోకాలి లోపల చురుక్కుమంటే అక్కడే ఆపి సుఖాసనంలో కూర్చోబెడతారు. అదీ కుదరకపోతే కుర్చీ వేస్తారు. కుర్చీలో కూర్చుంటే ఊపిరి ఆడదని ఎవరూ అనలేదు. కానీ నాలుగు కుర్చీలు పడ్డాయంటే అది యోగా హాలులా ఉండదు, ఫంక్షన్ హాలులా ఉంటుంది. కనుక పట్టి ఉండడమే శ్రేయస్కరం.

కపాలభాతికి మంచి మైకు కావాలి. ఊపిరిని పొట్టతో బయటికి కొట్టడమే మన పని, లోపలికి రావడం దానంతట అదే జరగాలి. కొత్తవాళ్లకు నిదానంగా ఇరవై, మధ్యలో విరామం, మళ్లీ ఇరవై అన్నది పిరికివాళ్ల లెక్క. మనం పరుగెత్తించాలి. అప్పుడు పొట్ట కదలదు, భుజాలు ఎగురుతాయి, కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోయి తల తిరుగుతుంది, వేళ్లు చిమచిమలాడతాయి. వెన్నులో నిద్రపోతుందనే కుండలిని శక్తి లేస్తోందని శిష్యులే అనుకుంటే మనం కాదనడం దేనికి? బీపీ, గుండె జబ్బు, హెర్నియా, గర్భం ఉన్నవాళ్లు ఇది చేయకూడదు. చేరిన రోజే ఈ సంగతులు అడిగి రాసుకోవాలని కొందరు అంటారు. సాయంత్రం బ్యాచ్‌లో అలా అడిగితే సగం చాపలు లేస్తాయి. ఒకరి ఒంటి సంగతులు ఇంకొకరు అడగకపోవడమే మర్యాద.

శీర్షాసనం గురించి ఒక మాట చాలు. ఆయుష్ శాఖ ఉమ్మడి యోగా ప్రోటోకాల్ 45 నిమిషాలు సాగుతుంది, అందులో శీర్షాసనం లేదు. మెడ పూసలు అరిగినవాళ్లు, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బు ఉన్నవాళ్లు జనంలో ఉంటారని అధికారులకు భయం.

చాప విషయంలో స్థానికాభిమానం పనికిరాదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన నూలు దర్రీ చెమట పీలుస్తుంది, ఉతికి ఆరేసుకోవచ్చు, కూర్చుని చేసే ఆసనాలకూ శవాసనానికీ హాయి. నున్నటి టైల్స్ మీద జారుతుంది, నిజమే. కింద పలుచటి రబ్బరు జాలీ పరిస్తే ఆ బాధా తీరుతుంది. అయినా దాని మీద సెంటర్ లోగో అచ్చు వేయడం కష్టం. కాబట్టి 10 మిల్లీమీటర్ల మెత్తటి మ్యాట్ మనమే తెప్పించి అమ్మాలి. దాని మీద ఒంటికాలి వృక్షాసనంలో నిలబడితే కింద గట్టి ఆధారం దొరక్క చీలమండ ఊగుతూనే ఉంటుంది. అది శిష్యుడి ఏకాగ్రత లోపమని అక్కడే తేల్చేయాలి.

చివరగా జూన్ 21. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్ 11న తీర్మానం చేసింది, 2015 నుంచి ప్రపంచమంతా జరుపుకుంటున్నారు. అప్పటికి మన దగ్గర వానలు మొదలవుతాయి కాబట్టి గ్రౌండు బురద, చాపలు తడి. దాన్ని తట్టుకోవచ్చు, తట్టుకోలేనిది సమయాభావం. అతిథులు రావాలి, దండలు పడాలి, ప్రసంగాలు కావాలి. కోత పెట్టడానికి వీలైనది శవాసనం ఒక్కటే. అలసిన ఒళ్లు, గుండె వేగం నిమ్మళించడానికి కనీసం 5 నిమిషాలు పడుకోబెట్టి, కుడి పక్కకు తిప్పి మెల్లగా లేపాలంటారు. పడుకున్నవాళ్లను డ్రోన్ పైనుంచి తీస్తే బాగుండదు, అర నిమిషంలో లేపేయడమే మంచిది.

వచ్చినవాళ్లందరికీ సర్టిఫికెట్లు పంచాలి. గురువుగారి ఫొటో పెద్దదిగా, వాళ్ల పేరు రాసుకునే గీత చిన్నదిగా ఉండేలా అచ్చు వేయించాలి. లేకపోతే వచ్చే జూన్‌కల్లా నయీంనగర్‌లో అదే గల్లీకి ఆ చివర ఇంకో బోర్డు లేస్తుంది.