జబర్దస్త్‌కి ఆర్టిస్టుల్ని పట్టుకోవడం వచ్చు, వాడుకోవడమే రాదు

ముందే చెప్పేస్తున్నా, ఇది "జబర్దస్త్‌లో బూతులు ఎక్కువైపోయాయి" పోస్టు కాదు. ఆ గొడవ 2013లో ఈటీవీలో, టీమ్‌లు పోటీపడి స్కిట్లు వేసే ఈ కామెడీ షో మొదలైన దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది, ఇక ముందూ నడుస్తుంది. నా కడుపుమంట వేరే. ఇన్నేళ్లలో ఈ స్టేజీ ఎక్కినంతమంది సత్తా ఉన్న కమెడియన్లు మన టీవీలో ఇంకే షోకీ దొరకలేదు. దొరికినవాళ్లలో చాలామందిని ఇది సగం కూడా వాడుకోలేదు.

వేణు సంగతే తీసుకోండి. టీమ్ లీడర్‌గా చేసిన రోజుల్లో మనకి తెలిసింది ఏంటి? ఓ కమెడియన్, బాగానే నవ్విస్తాడు, అంతే. ఆ మనిషే 2023లో "బలగం" తీశాడు. పిండం కాకి ముట్టట్లేదు అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, జనాన్ని థియేటర్లలో ఏడిపించాడు. దాన్లో నవ్వులు తక్కువేం కాదు. చావింట్లో మనుషులు ఎలా అలుగుతారో, ఎక్కడ పంతాలకి పోతారో చూసినవాడే రాయగలిగిన నవ్వులవి. ఆ చూపు అతనికి రాత్రికి రాత్రి వచ్చిందా? స్కిట్లు చేస్తున్నప్పుడూ ఉండే ఉంటుంది. అడిగినవాళ్లే లేరు. ఇంకో టీమ్ లీడర్ ధన్‌రాజ్ కూడా తర్వాత తండ్రీకొడుకుల కథతో డైరెక్టరయ్యాడు. "రంగస్థలం"లో చిట్టిబాబు (రామ్ చరణ్) పక్కనే తిరిగే మహేష్‌ని చూసి "ఎవర్రా ఈ కుర్రాడు" అని అడిగినవాళ్లున్నారు, అతనూ ఇక్కడివాడే!

అసలు తిరకాసు స్కిట్లు తయారయ్యే తీరులో ఉంది. ఇక్కడ చాలా స్కిట్లు టీమ్‌లోపలే పుడతాయి, లీడరో, అతని దగ్గరున్న రైటరో రాస్తాడు. టీమ్ పేరు లీడర్‌ది, మార్కులొస్తే లీడర్‌కి, పోతే లీడర్‌కి. అలాంటప్పుడు మంచి డైలాగులు ఎవరికి పడతాయో వేరే చెప్పాలా? మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎంట్రీ ఇస్తారు, లీడర్‌కి ఒక మాట అందిస్తారు, పంచ్ తింటారు, పక్కకి జరుగుతారు. హైపర్ ఆది స్కిట్లు ఇందుకు పరాకాష్ఠ. ఆది పెన్ను మీద నాకే అనుమానమూ లేదు, ఊపిరి తీసుకునేలోపు నాలుగు పంచులు వేస్తాడు. కానీ ఆ స్కిట్లలో పక్కన రైజింగ్ రాజు గారు ఏం చేసేవారో ఒకసారి గమనించండి. ఆ వయసు, ఆ మొహం ఉన్న నటుడి చుట్టూ ఎన్ని కథలు అల్లొచ్చు! ఎక్కువసార్లు ఆయన వంతుకి వచ్చింది పంచులు తినడమే. మళ్లీ ఆ తినడాన్ని కూడా ఆయన ఎంత బాగా చేసేవారో.

ఇంకోటి, ఎడిటింగ్. దీని గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకో. పంచ్ పడుతుంది, వెంటనే జడ్జి నవ్వు, ఆ వెంటనే యాంకర్ నవ్వు, మధ్యలో ఓ సౌండ్ ఎఫెక్ట్, అప్పుడు తిరిగి స్టేజీ మీదికి. పంచ్ తిన్నవాడి మొహం మారే ఆ ఒక్క క్షణంలోనే కదా అసలు కామెడీ ఉండేది? సరిగ్గా అదే కత్తెరలో పోతుంది. మనం చూసేది ఆర్టిస్ట్ నటన కాదు, దాన్ని చూసి జడ్జి పగలబడటం. జడ్జిగా ఉన్న రోజుల్లో నాగబాబు గారి నవ్వు నాకూ ఇష్టమే, కాదనను. కానీ స్కిట్ ఆయనది కాదు కదా.

ఆడవాళ్ల సంగతికొస్తే ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి భార్య పాత్ర, అత్త పాత్ర, ప్రియురాలి పాత్ర అన్నీ మగవాళ్లకే చీర కట్టించి చేయించారు. వినోదిని, శాంతి స్వరూప్ లాంటివాళ్లు ఆ పాత్రల్ని చాలా ఒద్దికగా చేశారు, తప్పు వాళ్లది కాదు. కష్టపడి పాత్ర కడితే, దాన్ని పక్కన పెట్టి "నువ్వు ఆడదానివి కాదుగా" అన్న జోకే తిప్పి తిప్పి వేశారు. నిజంగా ఆడవాళ్లు వచ్చాక కూడా చాలామందిని కూరలో కరివేపాకులాగే వాడారు. చమ్మక్ చంద్ర టీమ్‌లో సత్యశ్రీ మాత్రం వేరు. ఆ మొగుడూ పెళ్లాల స్కిట్లలో ఆమె చంద్ర మాటకి మాట అంటించేది, వెనక్కి తగ్గేది కాదు. అప్పుడే ఆ గొడవ ఇద్దరి మధ్య గొడవలా అనిపించేది. అలాంటి జోడీలు ఇంకో నాలుగు ఎందుకు కట్టలేదు?

బాగా వాడుకున్నది లేదా అంటే ఉంది. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్ ముగ్గురూ కలిసి చేసిన స్కిట్లు. టీమ్ పేరు సుధీర్‌ది, రాసేది రాంప్రసాద్, దున్నేసేది శ్రీను. లీడరే అందరి చేతా చీవాట్లు తినేవాడు, ఆ తినడంతోనే స్టార్ అయ్యాడు. గెటప్ శ్రీను అయితే ముసలాడైనా పిచ్చోడైనా ముందు నడక మార్చేవాడు, గొంతు తర్వాత. విగ్గు పెట్టుకోవడం వేరు, మనిషి మారిపోవడం వేరు అని ఆ షోలో చూపించింది అతనొక్కడే. అక్కడ కూడా చివరికొచ్చేసరికి సుధీర్‌కి మిగిలింది అమ్మాయిల పిచ్చి జోకులు, యాంకర్ రష్మితో లవ్ ట్రాకు. ఇంద్రజాలం తెలిసిన మనిషి, డాన్స్ వచ్చిన మనిషి. ఒక జోకు పేలితే దాని రసం పిప్పయ్యేదాకా వదలరు వీళ్లు.

"జనం అదే అడుగుతున్నారండీ, వ్యూస్ చూడండి" అంటారు. జనానికి వడ్డించింది అదొక్కటే అయితే ఇంకేం అడుగుతారు?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒక్క నెల టీమ్‌లన్నీ కలిపేయండి. రాసినవాడు తన స్కిట్‌లో నటించకూడదు అని రూల్ పెట్టండి. ప్రతి వారం మెయిన్ పాత్ర ఇప్పటిదాకా పంచులు తిన్నవాళ్లలో ఒకరికి ఇవ్వండి. తేలిపోయిన స్కిట్లు తేలిపోనీ, ఇప్పుడు మాత్రం అన్నీ పేలుతున్నాయా ఏంటి! ఆ నెల రోజులూ జడ్జిల వైపున్న కెమెరా ఆపేస్తే ఇంకా సంతోషం.