సవరణ: గ్లెన్ గూల్డ్ గోల్డ్‌బర్గ్ రికార్డింగుల నిడివి గురించి

జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్లకు (ఆరియా అనే ఒక మూలగీతం, దాని ఆధారంగా అల్లిన రూపాంతరాలు కలిసిన కృతి) కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ చేసిన రెండు స్టూడియో రికార్డింగులను పోలుస్తూ, 1955 నాటిది సుమారు 38 నిమిషాలు, 1981 నాటిది సుమారు 51 నిమిషాలు ఉండటానికి కారణం కేవలం రెండోసారి ఆయన నెమ్మదిగా వాయించడమేనని గత టపాలో రాశాను. అది సగం నిజం మాత్రమే.

బాఖ్ ప్రతి వేరియేషన్‌నూ రెండు భాగాలుగా రాసి, ఒక్కొక్క భాగాన్నీ తిరిగి వాయించమని సూచించాడు. 1955లో గూల్డ్ ఆ పునరావృత్తులన్నింటినీ విడిచిపెట్టగా, 1981లో కానన్లలోనూ (ఒక స్వరవరుసను మరొకటి కాస్త ఆలస్యంగా అనుకరిస్తూ సాగే వేరియేషన్లు) మరికొన్ని వేరియేషన్లలోనూ మొదటి భాగాన్ని రెండుసార్లు వాయించారు. కాబట్టి అదనంగా వచ్చిన నిమిషాలన్నింటినీ నిదానానికే ఆపాదించడం తప్పు. అయితే రెండు రికార్డింగుల్లోనూ పునరావృత్తి లేని ప్రారంభపు ఆరియా మొదటిసారి రెండు నిమిషాల లోపే ముగిసి, రెండోసారి మూడు నిమిషాలు దాటింది. లయలో వచ్చిన మార్పును వినవలసింది అక్కడే, ఆ స్వరాల మధ్య నిశ్శబ్దం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

రెండో రికార్డింగు ఆయన మరణానంతరం విడుదలైందని నేను రాసిన మాట కూడా సరికాదు. 1982 అక్టోబరు 4న ఆయన కన్నుమూయడానికి కొద్దికాలం ముందే అది విడుదలైంది. ఈ పొరపాట్లకు శ్రోతమిత్రులు మన్నించాలి.