సవరణ: శావేజ్ 24 గురించి నేను రాసిన రెండు తప్పులు

మొన్న శావేజ్ 24 గురించి రాస్తూ రెండు చోట్ల పొరపాటు పడ్డాను. పైన .22 రైఫిల్ గొట్టం, కింద .410 షాట్‌గన్ గొట్టం (ఆ అంకెలు గొట్టం సైజులు) ఉండే ఆ అమెరికన్ తుపాకీ 1930ల చివర్లో అదే పేరుతో వచ్చిందన్నాను. కాదు. అప్పుడు వచ్చింది స్టీవెన్స్ .22-.410. స్టీవెన్స్ కంపెనీని శావేజ్ 1920లోనే కొనేసింది కాబట్టి ఇల్లు ఒకటే, పేరే వేరు. 'మోడల్ 24' అన్న పేరు 1950లో వచ్చింది. టెనైట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం), రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం కొనుగోళ్లు, ఇవన్నీ ఆ పాత స్టీవెన్స్ కథలోవే.

రెండోది ఇంకా పెద్ద తప్పు. సీరియల్ నంబర్ లేని తుపాకీ కనిపిస్తే ఎవరో చెరిపేసినట్టే అనుకోమన్నాను. అమెరికాలో 1968 తుపాకుల నియంత్రణ చట్టం వచ్చేదాకా ఇలాంటి వాటికి నంబర్ తప్పనిసరి కాదు. కాబట్టి అంతకుముందు తయారైనదానికి నంబర్ లేకపోతే అనుమానించక్కర్లేదు. అయితే నంబర్ ఉండాల్సిన చోట గీకిన గుర్తులుంటే అది వేరే సంగతి.

పాతదో కొత్తదో తేల్చడానికి సులువైన గుర్తు ఒకటుంది. ఏ గొట్టం పేలాలో ఎంచుకునే మీట మొదట్లో తుపాకీ పక్కన, కుడివైపు ఉండేది. తర్వాత దాన్ని, పేల్చే ముందు బొటనవేలితో వెనక్కి లాగే హ్యామర్ మీదికే మార్చారు. బొటనవేలు ఎలాగూ అక్కడికే వెళ్తుంది కదా, నాకైతే ఆ మార్పే నచ్చింది.