ఒమేగా పాయింట్ గారికి ఒక పెన్షనర్ అర్జీ

విశ్వం చివర వేంచేయబోయే మహారాజశ్రీ ఒమేగా పాయింట్ గారి దివ్యసముఖానికి, శ్రీకాకుళం నుంచి రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు రాసుకునే అర్జీ. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించే నాకు బెంగగా ఉంది.

నిన్న లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్లాను. బతికే ఉన్నామని ఏటా ఒకసారి రుజువు చేసుకుంటేనే కదా మాకు పెన్షన్. కుడి బొటనవేలు పెట్టాను, పడలేదు. ఎడమది పెట్టాను, పడలేదు. తుడుచుకుని, కడుక్కుని, పదివేళ్లూ పెట్టాను. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టి గీతలు అరిగిపోయాయట. "రేపు రండి మాస్టారూ, మిషను ఇవాళ మీరు లేరంటోంది" అన్నాడు కుర్రాడు. నా వెనక నిలబడ్డ ముసలమ్మ ఊరుకోలేదు. "ఎదురుగున్న మనిసిని పట్టుకుని లేడంటాదేటి బాబూ ఇది?" అని నా తరఫున తగువేసుకుంది. మనసు బాగోక ఇంటికొచ్చి, చచ్చినవాళ్లను లేపుతారని పేరున్న తమరి ఫైలు తిరగేశాను.

తమరికి పేరు పెట్టింది తెయార్ ద షార్దాన్ అనే ఫ్రెంచి క్రైస్తవ గురువు. ఆయన శిలాజాల శాస్త్రం కూడా చదువుకున్నాడు. చైనాలో పెకింగ్ మానవుడి తవ్వకాల్లో పాలుపంచుకున్నాడు. మట్టిలోంచి జీవం, జీవంలోంచి ఆలోచన పుట్టాయనీ, ఆ ఆలోచన ఎదిగి ఎదిగి చివరికి దేవుడి దగ్గర ఒక్క బిందువుగా కలుస్తుందనీ నమ్మాడు. ఆ రాతల్ని బతికుండగా అచ్చు వేసుకోవడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. 1955లో ఆయన పోయాకే బయటికొచ్చాయి. అది ఒక మంచి మనిషి నమ్మకం. నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా తమరి ఏజెంటుగారితోనే. అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ టిప్లర్ 1994లో తమరి మీద పుస్తకం వేసి, వేదాంతం భౌతిక శాస్త్రంలో ఒక శాఖేనని తేల్చేశారు. ఆ స్కీము ఇదీ. వ్యాకోచిస్తున్న విశ్వం ఏదో ఒకనాటికి ఆగి, వెనక్కి తిరిగి కుంచించుకుపోవాలి. అప్పటికి మన వారసులు, అంటే ఆలోచించే యంత్రాలు, విశ్వమంతా నిండిపోయి ఉండాలి. కుంచించుకుపోవడం ఒక దిక్కున ఎక్కువగా, ఇంకో దిక్కున తక్కువగా జరిగేలా వాళ్లు చూసుకుంటారు. దాంతో దిక్కుకీ దిక్కుకీ వేడిలో తేడా వస్తుంది. తేడా ఉన్నచోట పని చేయించుకోవచ్చని ఇంటర్లో నేనే చెప్పేవాణ్ణి. అలా ఆఖరి క్షణంలో అంతులేని శక్తి, దాంతో అంతులేని లెక్కలు. బయటి గడియారంలో సెకను కూడా మిగలదు, లోపలివాళ్లకు మాత్రం కాలం అయిపోదు. ఆ తీరికలో తమరు, పోయిన ప్రతి మనిషినీ బిట్టు బిట్టుగా, అంటే కంప్యూటర్ భాషలోని సున్నాలూ ఒకట్లుగా, లెక్కగట్టి కంప్యూటర్లో మళ్లీ లేపుతారు. ఒక మనిషికి ఎంత ఎక్కువ అనుకున్నా 1 పక్కన 45 సున్నాలు పెట్టినన్ని బిట్లు మించవట.

నలభై అయిదు సున్నాలు! ఇక్కడ నాకు ఒక్క బొటనవేలు కలవడం లేదు ప్రభూ.

కాగితం మీద స్కీము అందంగానే ఉంది. చిక్కల్లా మొదటి షరతు దగ్గరే. విశ్వం వెనక్కి తిరగాలి. 1998లో రెండు బృందాలు దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, చూస్తే, అవి అనుకున్నదానికంటే మసకగా, అంటే ఇంకా దూరంగా, కనిపించాయి. వ్యాకోచం ఆగడం మాట అటుంచి వేగం పుంజుకుంటోందని తేలింది. 2011లో నోబెల్ కూడా ఇచ్చారు. ఏజెంటుగారు ఇచ్చిన ఇంకో సాక్ష్యం, మూలకణాలకు బరువు ఎలా వస్తుందో చెప్పే హిగ్స్ కణం. దాని బరువు 220 జీఈవీ (కణాల బరువు కొలిచే ప్రమాణం) చుట్టుపక్కల ఉంటుందన్నారు. 2012లో దొరికింది, 125. మా క్లాసులో అయితే స్టెప్పులకు మార్కులేసి వదిలేసేవాణ్ణి.

ఇంతైనా ఆయన వెనక్కి తగ్గలేదు. మన వారసులు పదార్థాన్నే కరిగించి ఆ వేగాన్ని అణిచేస్తారట! చిట్టీ కంపెనీ బోర్డు తిప్పేసినవాళ్లు మా ఊళ్లోనూ చెప్పారు, "డబ్బు ఎక్కడికీ పోదు, కొత్త వెంచరులో పెట్టాం" అని.

మావాళ్లేం తక్కువ తినలేదులెండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో మా బావమరిది బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలని, భూమి వయసుకు అది అచ్చంగా సరిపోయిందని రాశాడు. భూమి వయసు 454 కోట్లు, మిగతా 22 కోట్ల మాటేమిటని అడిగాను. రౌండ్ ఫిగర్ బావా అన్నాడు. దాదాపు అంతకాలం కిందటే డైనోసార్లు పుట్టాయి. అవి వచ్చి, ఏలి, పోయి, ఆ తరవాత బావమరిది పుట్టిందాకా అంతా ఆ రౌండ్ ఫిగర్లోనే సర్దుకుంది.

మా అరసవల్లి గుడి చూశారా? మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు లోపలిదాకా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి. ఆ రెండు తేదీలే ఎందుకని పిల్లల్ని అడిగేవాణ్ణి. ఒకటి పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు సుమారు పది రోజుల ముందు, రెండోది అలాంటి ఇంకో రోజుకు సుమారు పది రోజుల తరవాత. రెండుసార్లూ సూర్యుడు తూర్పుకు రవ్వంత దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. కట్టినవాళ్లు గుమ్మాన్ని ఆ దిక్కుకు పెట్టి, మిగతాది సూర్యుడికి వదిలేశారు. మబ్బు పట్టిందా, చీకటితో లేచొచ్చి క్యూ కట్టినవాళ్లంతా ఉసూరుమంటూ పోతారు. మబ్బును కరిగించి కిరణం తెప్పిస్తామని గుడిలో ఎవరూ అనగా నేను వినలేదు. నేను రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ మబ్బే చూశాను. అయినా ఈసారీ వెళ్తాను.

ఒకవేళ ఏజెంటుగారి మాటే నిజమై తమరు వేంచేస్తే, చిన్న మనవి. నన్ను ఇప్పటి మోకాళ్లతో లేపకండి. నా దగ్గర చేబదులు పుచ్చుకుని తీర్చకుండా పోయినవాళ్లు ముగ్గురున్నారు, వాళ్లను నాకంటే ముందే లేపి కూర్చోబెట్టండి. ఆ ముసలమ్మను మాత్రం క్యూలో నిలబెట్టొద్దు.

రేపు మళ్లీ మిషను దగ్గరికి వెళ్లాలి. ఉంటాను.

ఇట్లు,
తమ విధేయుడు
(వేలిముద్ర పడనందున సంతకం మాత్రమే)